టీమ్‌లో కోడ్ పని చిక్కుపడుతోందా? టూల్ మార్చే ముందు ఇవి చూడండి

ఒక్క లైన్ మారిస్తే ఫైలంతా మారినట్టు చూపిస్తోంది

చాలాసార్లు కారణం లైన్ ఎండింగ్‌లు, అంటే ప్రతి లైన్ చివర కనపడకుండా ఉండే గుర్తులు. విండోస్ లైన్ చివర రెండు అక్షరాలు (సీఆర్, ఎల్ఎఫ్) పెడుతుంది, లినక్స్, మ్యాక్ ఒక్కటే (ఎల్ఎఫ్) పెడతాయి. తేల్చుకోవడానికి గిట్ డిఫ్‌కి (గిట్ అంటే కోడ్ మార్పుల చరిత్రను దాచే టూల్, డిఫ్ అంటే ఏం మారిందో చూపే దాని కమాండ్) 'ఇగ్నోర్-స్పేస్-ఎట్-ఈఓఎల్' ఆప్షన్ ఇవ్వండి. డిఫ్ ఒక్క లైనుకి తగ్గిపోతే దోషం అదే. తగ్గకపోతే ఇద్దరి ఎడిటర్లలో ఫార్మాటర్ (కోడ్‌ను ఒకే తీరులో సర్దే టూల్) వెర్షన్లు వేరై ఉండొచ్చు. అప్పుడు ఆ వెర్షన్‌ను ప్రాజెక్ట్ డిపెండెన్సీల్లోనే ఖాయం చేసి, సీఐలో (ప్రతి మార్పునూ తనంతట తానే పరీక్షించే వ్యవస్థలో) చెక్ పెట్టండి.

లైన్ ఎండింగ్‌లకైతే రిపో (ప్రాజెక్ట్ కోడ్, దాని చరిత్ర ఉండే చోటు) అన్నిటికంటే పై ఫోల్డర్లో '.గిట్‌యాట్రిబ్యూట్స్' ఫైల్ పెట్టి, అందులో '* టెక్స్ట్=ఆటో' అని రాయండి. తర్వాత గిట్ యాడ్‌ను 'రీనార్మలైజ్' ఆప్షన్‌తో నడిపి, విడిగా ఒక కమిట్ (చరిత్రలో నమోదయ్యే ఒక మార్పు) చేయండి. ఓపెన్ పుల్ రిక్వెస్టులు (కలపమని అడిగి ఇంకా కలవని మార్పులు) తక్కువగా ఉన్న రోజు చూసుకుని చేయండి, లేకపోతే ప్రతిదాంట్లోనూ కాన్‌ఫ్లిక్ట్ (ఒకే చోట రెండు మార్పులు ఢీకొనడం) వస్తుంది. గిట్ 2.23 నుంచి ఇలాంటి కమిట్లను బ్లేమ్‌లో (ఏ లైన్ ఎవరు మార్చారో చూపే కమాండ్‌లో) కనపడకుండా చేసుకోవచ్చు.

పుష్ తిరస్కరిస్తోంది, క్లోన్‌కి గంటలు పడుతోంది

పుష్ అంటే మన కమిట్లను సర్వర్‌కి పంపడం, క్లోన్ అంటే రిపో మొత్తాన్ని దించుకోవడం. గిట్‌హబ్ (గిట్ రిపోలను ఆన్‌లైన్‌లో ఉంచే సర్వీసు) 50 ఎంబీ దాటిన ఫైలుకి హెచ్చరిస్తుంది, 100 ఎంబీ దాటితే అసలు తీసుకోదు. ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది: ఫైలు డిలీట్ చేసి ఇంకో కమిట్ వేసి మళ్లీ పుష్ చేస్తారు. అయినా ఆగిపోతుంది, ఎందుకంటే పాత కమిట్‌లో ఫైలు అలాగే ఉంది.

అది చివరి కమిట్‌లోనే ఉంటే గిట్ ఆర్ఎంకి 'క్యాష్డ్' ఆప్షన్ ఇచ్చి, కమిట్‌ను అమెండ్ చేస్తే (సరిదిద్దితే) చాలు. వెనకెక్కడో ఉంటే గిట్ ఫిల్టర్-రిపోతో (చరిత్రను తిరగరాసే టూల్‌తో) తీసేయాలి, లేదా గిట్ ఎల్ఎఫ్ఎస్ మైగ్రేట్‌తో ఎల్ఎఫ్ఎస్‌లోకి (పెద్ద ఫైళ్లను విడిగా ఉంచే గిట్ అనుబంధంలోకి) మార్చాలి. ఏది చేసినా ఆ ఫైలు వచ్చిన చోటు నుంచి కమిట్ హ్యాష్‌లన్నీ (కమిట్ల గుర్తింపు కోడ్‌లన్నీ) మారిపోతాయి. అందరూ కొత్తగా క్లోన్ చేసుకోవాలి. ఒక్కరు పాత క్లోన్ నుంచి మెర్జ్ చేసి (కలిపి) పుష్ చేసినా తీసేసిన బరువంతా తిరిగొస్తుంది.

నిజంగా టూల్ మార్చాలా అని ఆలోచించాల్సింది ఇక్కడే. ఫొటోషాప్ ఫైళ్లు, 3డీ మోడళ్లు ఇద్దరు ఒకేసారి మారిస్తే మెర్జ్ చేసే దారి లేదు. ఒకరి పని పోవాల్సిందే. అలాంటి ఫైళ్లు రోజూ మారే టీమ్‌కి లాకింగ్ (ఒకరు మారుస్తుండగా ఇంకొకరు మార్చకుండా ఆపడం) కావాలి: గిట్ ఎల్ఎఫ్ఎస్ లాక్, పెర్ఫోర్స్, లేదా సబ్‌వర్షన్‌లో 'నీడ్స్-లాక్' ప్రాపర్టీ (పెర్ఫోర్స్, సబ్‌వర్షన్ గిట్ లాంటి వేరే టూల్స్). సబ్‌వర్షన్ పాతదని తీసిపారేయకండి, ఈ పనికి ఇప్పటికీ పనికొస్తుంది.

ప్రతి మెర్జూ ఒక యుద్ధం

గిట్‌హబ్ వదిలి గిట్‌ల్యాబ్‌కి వెళ్లినా ఇది పోదు, రెండింటి అడుగునా ఉన్నది గిట్టే. వారాల తరబడి విడిగా నడిచే బ్రాంచ్‌లే (అసలు కోడ్ అయిన మెయిన్ నుంచి చీలిన శాఖలే) కారణం. పనిని ఒకట్రెండు రోజుల్లో మెయిన్‌లో కలిసేంత ముక్కలు చేయండి. పూర్తికాని ఫీచర్‌ను ఫ్లాగ్ (ఆన్, ఆఫ్ చేసే స్విచ్) వెనక దాచండి. తరచూ రీబేస్ చేసేవాళ్లు (తమ కమిట్లను కొత్త మెయిన్ మీదికి మార్చుకునేవాళ్లు) 'రెరెరె' అనే గిట్ సెట్టింగ్ ఆన్ చేసుకుంటే, ఒకసారి విడదీసిన కాన్‌ఫ్లిక్ట్ మళ్లీ వస్తే గిట్ పాత పరిష్కారాన్నే వాడుతుంది.

రివ్యూలు పేరుకుపోతున్నాయి

'ఎవరైనా చూడండి' అంటే ఎవరూ చూడరు. గిట్‌హబ్‌లో కోడ్‌ఓనర్స్ ఫైల్ పెట్టి, ఏ ఫోల్డర్ ఎవరిదో రాయండి. ఒక ఫైలుకి రెండు రూల్స్ సరిపోలితే కింద ఉన్నదే చెల్లుతుంది, అందుకే అందరికీ వర్తించే '*' లైన్‌ను పైన పెట్టాలి. కింద పెడితే మిగతావన్నీ వృథా. ఈ ఫైలు రివ్యూ అడుగుతుందే గానీ మెర్జ్‌ను ఆపదు. ఆపాలంటే బ్రాంచ్ ప్రొటెక్షన్‌లో (బ్రాంచ్‌లోకి ఏది కలవొచ్చో నిర్ణయించే సెట్టింగ్‌లో) కోడ్ ఓనర్ల ఆమోదం తప్పనిసరి చేయాలి.

వేరే సర్వీసుకి మారాక పాత చర్చలు దొరకడం లేదు

మిర్రర్ క్లోన్‌తో (రిపో పూర్తి నకలుతో) కోడ్, బ్రాంచ్‌లు, ట్యాగ్‌లు వస్తాయి. ఇష్యూలు, పుల్ రిక్వెస్ట్ కామెంట్లు గిట్‌లో ఉండవు కాబట్టి రావు. వాటికి కొత్త సర్వీసులో ఇంపోర్టర్ ఉందో లేదో ముందే చూసుకోండి. ఒక చిన్న రిపోను దాంతో తరలించి, కామెంట్లు ఎవరి పేరు మీద వచ్చాయో చూశాకే మిగతావి కదపండి.