ఊరి కళతో ఊరిని నిలబెట్టుకోవడం ఎలా: ఏటికొప్పాక చూపే దారి

వలసలతో ఖాళీ అవుతున్న పల్లెను దాని సొంత కళతోనే నిలబెట్టాలనుకునే పంచాయతీలు, యువజన సంఘాలు చాలాసార్లు స్వాగత తోరణంతోనో, ఉత్సవంతోనో పని మొదలుపెడతాయి. నా దృష్టిలో మొదట చూడవలసింది ముడిసరుకు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఉన్న, లక్క పూత చెక్క బొమ్మలకు పేరుపొందిన ఏటికొప్పాకను గమనిస్తే ఇది తేటతెల్లమవుతుంది.

ముందుగా పనివారి కుటుంబాలతో కూర్చుని, ఏ సరుకు ఎక్కడి నుంచి వస్తోంది, ఏది దొరకడం కష్టమైంది, ఏ మెలకువ ఏ ఒక్కరికే తెలుసు అన్నది రాసుకోవాలి. ఏటికొప్పాక బొమ్మకు ఆధారం అంకుడు కర్ర. మెత్తని ఆ కర్రను బాగా ఆరబెట్టి, లేత్ (కర్రను గిరగిర తిప్పే యంత్రం) మీద తిప్పుతూ ఉలితో రూపం తెస్తారు. తరువాత రంగు కలిపిన లక్క కడ్డీని తిరుగుతున్న కర్రకు ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి సన్నని పొరగా పట్టుకుంటుంది. మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. ఇంత నేర్పు ఉన్నా కర్ర అందకపోతే చేతులు కట్టుకుని కూర్చోవలసిందే. అందుచేత బంజర్లలో, పొలం గట్లపై అంకుడు మొక్కలు నాటించాలి. నరికిన మోడు నుంచి మళ్లీ చిగురించే చెట్టు కాబట్టి, వేళ్లతో పెకలించకుండా కొట్టుకోవడం ఊరంతా పాటించే కట్టుబాటు కావాలి.

తరువాత రంగులు. పిల్లలు నోట్లో పెట్టుకునే వస్తువుకు రసాయన రంగు వేయడం తగదు. పసుపు, నీలి వంటి సహజ వర్ణాలను ఈ బొమ్మల్లోకి తెచ్చేందుకు కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది.

ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (ఆ పేరును ఆ ప్రాంతపు సరుకుకే పరిమితం చేసే చట్టపరమైన గుర్తింపు) వచ్చింది. అటువంటి గుర్తింపును పదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. పైగా కళాకారులు ఎవరికి వారు, ఆ గుర్తింపును తమ సరుకుపై వాడుకునే హక్కున్న అధీకృత వినియోగదారులుగా నమోదు కావాలి. ఈ రెండో పనిని సంఘాలు తరచూ మరచిపోతాయి. దరఖాస్తులు నింపడం, బ్యాంకు ఖాతాలు సరిచూడటం చదువుకున్న యువతకు అప్పగించవచ్చు.

ధర విషయంలో కచ్చితంగా ఉండాలి. కర్ర, లక్క, కూలి విడివిడిగా లెక్కగట్టి, ఆర్డరును కాగితం మీద రాయించుకుని, కొంత సొమ్ము ముందే తీసుకోవాలి. చేతిపనిలో కూలి గిట్టకపోతే పిల్లలు ఆ పని నేర్చుకోరు, అందుకు వారిని తప్పుపట్టలేము.

ఇవన్నీ కుదిరాకే సందర్శకులను పిలవాలి. లేత్ పక్కన కూర్చుని పని చూసే ప్రతి బృందం నుంచి రుసుము తీసుకుని, పని చూపించిన కళాకారుడికి ఆ రోజే అందజేయాలి.