పండగకు ముందే తెలుసుకోండి: క్లోమం వాపు, కాల్షియం అంకె

సంక్రాంతి మూడు రోజులూ మన ఇళ్లలో పొయ్యి ఆరదు. అరిసెలు, గారెలు, కనుమ నాడు మాంసం, కొన్ని ఇళ్లలో మందు. ఇలాంటప్పుడే కొందరికి క్లోమం (పొట్ట వెనుక ఉండే పాంక్రియాస్ గ్రంథి) వాస్తుంది. అందరికీ ఇది ప్రమాదమని అనను. గాల్ బ్లాడర్‌లో రాళ్లున్నాయని స్కానింగ్‌లో తేలినవాళ్లు, బాగా తాగే అలవాటున్నవాళ్లు, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలోని ఒక రకం కొవ్వు) 500 దాటినవాళ్లు, ఇదివరకే ఒకసారి పాంక్రియాటైటిస్‌తో, అంటే ఈ క్లోమం వాపుతో, ఆసుపత్రిలో ఉండి వచ్చినవాళ్లు మాత్రం ముందే జాగ్రత్తపడాలి.

మా బాబాయికి కనుమ రాత్రి పొట్ట పైభాగంలో నొప్పి మొదలైంది. అందరం గ్యాస్ అనుకున్నాం. సోడా తాగించాం, వాము నమిలించాం, గ్యాస్ మాత్ర వేశాం. కనుమ నాడు కాకైనా కదలదంటారు కదా, తెల్లారాక చూద్దాం అనుకుని ఎనిమిది గంటలు పోగొట్టాం. తీరా చూస్తే అది క్లోమం వాపు. ఆయన బతికి బయటపడ్డారు. అయినా ఆ రాత్రి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె దడే.

క్లోమం వాచినప్పుడు నొప్పి పొట్ట పైభాగంలో ఉన్నట్టుండి మొదలై, చాలామందికి వీపులోకి పాకుతుంది. పడుకుంటే ఎక్కువవుతుంది, ముందుకు వంగి కూర్చుంటే కాస్త నయం. వాంతులయినా నొప్పి తగ్గదు. ఇలా ఉంటే ఇంటి వైద్యం ఆపి 108కి ఫోన్ చేయండి. గుండెపోటు కూడా కొందరిలో ఇలాగే పొట్ట నొప్పిలా కనిపిస్తుంది కాబట్టి ఈసీజీ కూడా తీస్తారు. ఎందుకని వాదించవద్దు.

ఆసుపత్రిలో లైపేజ్ లేదా అమైలేజ్ (క్లోమం తయారుచేసే జీర్ణ ఎంజైములు) రక్తంలో ఎంతున్నాయో పరీక్ష చేస్తారు. నొప్పితో పాటు అది మామూలుకన్నా మూడు రెట్లు దాటితే జబ్బు ఇదేనని దాదాపు తేలినట్టే. ఇక్కడే చాలా కుటుంబాలు పొరబడతాయి. లైపేజ్ 2000 ఉందని హడలిపోతారు, 400 ఉందని ఊపిరి పీల్చుకుంటారు. ఆ అంకె జబ్బు ఉందని చెబుతుందే కానీ ఎంత తీవ్రమో చెప్పదు. తీవ్రతను అంచనా వేయడానికి డాక్టర్లు చూసేవాటిలో రక్తంలోని కాల్షియం ఒకటి.

క్లోమం నుంచి బయటపడిన లైపేజ్ చుట్టూ ఉన్న కొవ్వును అరిగించేస్తుంది. అలా విడిపోయిన కొవ్వు ఆమ్లాలు కాల్షియంతో కలిసి సబ్బులా గడ్డకడతాయి. నూనెలో క్షారం కలిపి సబ్బు కాచే పద్ధతే పొట్ట లోపల జరుగుతోందన్నమాట. అందుకని రక్తంలో కాల్షియం పడిపోతుంది. పడిపోవడానికి ఇదొక్కటే కారణం కాదు, మెగ్నీషియం తగ్గినా, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) తగ్గినా పడుతుంది.

మామూలుగా కాల్షియం డెసిలీటరుకు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది. 1974లో న్యూయార్క్ సర్జన్ జాన్ రాన్సన్ తయారుచేసిన తీవ్రత లెక్కలో, మొదటి 48 గంటల్లో అది 8 కన్నా తగ్గడం ఒక ప్రమాద సూచన. అలాంటిదే ఇంకో తీవ్రత లెక్క, గ్లాస్గో స్కోరులో కూడా ఇదే హద్దు. కాబట్టి చేరిన రోజు కాల్షియం బాగానే ఉందని తేలిగ్గా తీసుకోకండి. రెండో రోజు మళ్లీ చూశారా అని మర్యాదగా అడగండి. అడగడంలో తప్పేమీ లేదు.

రిపోర్టులో 7.6 కనిపించగానే టెన్షన్ పడకుండా పక్కనే అల్బుమిన్ ఎంతుందో చూడండి. అల్బుమిన్ 4 గ్రాముల కన్నా తగ్గిన ప్రతి గ్రాముకీ కాల్షియానికి 0.8 కలపాలి. అల్బుమిన్ 2.5 ఉంటే ఆ 7.6 నిజానికి 8.8 కింద లెక్క. ఇది ఉజ్జాయింపు లెక్కే. ఒంట్లో పనిచేసే కాల్షియం ఎంతో సరిగ్గా తెలియాలంటే అయనైజ్డ్ కాల్షియం పరీక్ష ఉంది. ఐసీయూలో దాన్నే ఎక్కువ నమ్ముతారు.

కాల్షియం తగ్గితే కాల్షియం ఎక్కిస్తే సరిపోదా అని మేమూ అడిగాం. సరిపోదు. ఆ అంకె లోపల జరుగుతున్న నష్టానికి గుర్తు, దాన్ని పెంచినంత మాత్రాన క్లోమం వాపు తగ్గదు. పెదాల చుట్టూ తిమ్మిర్లు, చేతివేళ్లు కొంకర్లు పోవడం, ఫిట్స్, ఈసీజీలో తేడా ఉంటే మాత్రం ఇంజక్షన్ నెమ్మదిగా ఇస్తారు. అలాంటివి కనబడితే వెంటనే నర్సుకు చెప్పండి. ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన కాల్షియం మాత్రలు మీ అంతట మీరు వేయకండి.

కాల్షియం ఒక్కటే చూసి తీర్పు చెప్పరు. యూరియా, క్రియాటినిన్, ఆక్సిజన్, మూత్రం ఎంత వస్తోందన్నది కలిపి చూస్తారు. మూత్రం తగ్గినా, ఆయాసం వచ్చినా, మాట తడబడినా నర్సు వచ్చేదాకా ఆగకుండా మీరే వెళ్లి చెప్పండి.

ఇక పండగకు ముందు చేయాల్సినవి. రాళ్లున్నవాళ్లు ఆపరేషన్ ఎప్పుడో సర్జన్‌తో మాట్లాడుకోండి, నూనె వంటలు తగ్గించండి. ట్రైగ్లిజరైడ్స్, షుగరు పరీక్షలు పరగడుపున చేయించండి. మందు వల్ల ఒకసారి క్లోమం వాచినవాళ్లకు ఒక్క పెగ్గు కూడా వద్దు, బావమరిది బతిమాలినా సరే. రోజూ ఎక్కువ తాగేవాళ్లు మాత్రం ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, డాక్టర్ సాయంతో మానాలి.

ఇంకొకటి. కాల్షియం ఎక్కువైనా క్లోమం వాయవచ్చు. పారాథైరాయిడ్ గ్రంథి (మెడలో ఉండి కాల్షియాన్ని అదుపులో ఉంచేది) జబ్బు, విటమిన్ డి అతిగా వాడటం అందుకు దారితీస్తాయి. రాళ్లు లేక, మందు అలవాటు లేక, కారణం దొరకనివాళ్లు తగ్గి ఇంటికొచ్చిన కొన్ని వారాలకు కాల్షియం మరోసారి చేయించుకోవాలి. క్లోమం వాచి ఉన్నప్పుడు కాల్షియం అంకె పడిపోయి, అసలు ఎక్కువగా ఉన్న సంగతి కనిపించకుండా పోతుంది.