ఇంటర్ తర్వాత సైన్యంలో చేరాలా? ఇంట్లో కూర్చుని వేసుకోవలసిన లెక్క

ఇంటర్ పూర్తయిన పిల్లవాడు మిలిటరీలో చేరతానంటే ఇంట్లో తండ్రి నోటి నుంచి వచ్చే మొదటి ప్రశ్న "పింఛను ఉంటుందా?" అన్నదే. అది అడగవలసిన ప్రశ్నే. అయితే జవాబు మాత్రం పిల్లవాడు ఏ దారిన వెళ్తున్నాడన్న దాన్ని బట్టి మారుతుంది. సిపాయి స్థాయిలో చేరే దారి 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ పథకం. అధికారిగా చేరే దారులు వేరు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి "ఆర్మీ ఉద్యోగం" అనుకోవడం దగ్గరే చాలా కుటుంబాలు పొరబడుతున్నాయి.

ఆ పథకం కింద చేరినవారిని అగ్నివీర్ అంటారు. ముందు అగ్నివీర్ లెక్కను ఒక కాగితం మీద వేయండి. శిక్షణతో కలిపి సర్వీసు నాలుగేళ్లు. నెల జీతం మొదటి ఏడాది 30,000, తర్వాత వరుసగా 33,000, 36,500, 40,000 రూపాయలు. అందులో 30 శాతం, సర్వీసు ముగిశాక ఒకేసారి చేతికిచ్చే సేవానిధికి మినహాయించగా తొలి ఏడాది చేతికి 21,000, చివరి ఏడాది 28,000 వస్తాయి. నాలుగేళ్లలో మీ జీతం నుంచి జమయ్యేది 5.02 లక్షలు, ప్రభుత్వం కలిపేది మరో 5.02 లక్షలు. వడ్డీతో సుమారు 11.71 లక్షలుగా చెప్పే ఆ మొత్తానికి ఆదాయపు పన్ను లేదు. అందరూ గొప్పగా చెప్పుకునే ఈ మొత్తంలో దాదాపు సగం మీరు దాచుకున్న సొమ్మేనని గుర్తుంచుకోవాలి. అలాగని తిండికీ బసకూ యూనిఫాంకూ సొంత ఖర్చు లేని ఉద్యోగంలో నెలనెలా చేతికందే జీతాన్ని తక్కువ చేసి చూడటమూ సరికాదు.

నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ సర్వీసులోకి తీసుకుంటారు. మిగిలినవారికి పింఛను గానీ గ్రాట్యుటీ గానీ ఉండదు. అందువల్ల ఆ మిగిలిన 75 శాతంలోనే మీరు ఉంటారనుకుని లెక్క వేయండి. ఎంపికైతే అది అదనపు లాభం. పద్దెనిమిదేళ్లకు చేరినవాడు బయటికి వచ్చేసరికి ఇరవైరెండేళ్లవాడు అవుతాడు. అదే వయసుకు అతనితో చదివిన స్నేహితుడి చేతిలో బీటెక్ పట్టా ఉంటుంది. ఈ తేడాను పూడ్చుకోవడానికి అగ్నివీరుల కోసం దూరవిద్య విశ్వవిద్యాలయమైన ఇగ్నో ప్రత్యేకంగా రూపొందించిన డిగ్రీ ఉంది. సైనిక శిక్షణనే అందులో సగం క్రెడిట్లుగా లెక్కిస్తారు. దానిలో చేరకుండా నాలుగేళ్లు గడిపేయడం, నా దృష్టిలో, సేవానిధిని పోగొట్టుకోవడం కన్నా పెద్ద నష్టం.

ఇక అధికారి దారి. మన జూనియర్ కాలేజీల్లో దీని గురించి చెప్పేవారు తక్కువ, అది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. త్రివిధ దళాల అధికారులకు శిక్షణనిచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీలో ప్రవేశానికి యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహించే ఎన్‌డీఏ పరీక్షకు వయసు పదహారున్నర నుంచి పంతొమ్మిదిన్నరేళ్ల మధ్య ఉండాలి. గణితానికి 300, జనరల్ ఎబిలిటీకి 600 మార్కులు. ఆర్మీ విభాగానికి ఏ గ్రూపుతో ఇంటర్ చేసినా సరిపోతుంది. నౌకాదళానికీ వైమానిక దళానికీ గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలు చదివి ఉండాలి. 2022 నుంచి అమ్మాయిలకు కూడా ఇందులో ప్రవేశం ఉంది. ఎంపీసీలో 60 శాతం తెచ్చుకుని జేఈఈ మెయిన్ రాసినవారికి టెక్నికల్ ఎంట్రీ అనే మరో దారి ఉంది. దానికి వేరే రాత పరీక్ష లేదు, షార్ట్‌లిస్ట్ అయితే నేరుగా ఎస్‌ఎస్‌బీ (అధికారులను ఎంపిక చేసే సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూకు పిలుస్తారు. ఎంపికైతే శిక్షణతో పాటు ఇంజినీరింగ్ పట్టా కూడా వస్తుంది. జేఈఈ ఎలాగూ రాస్తున్న వేలాది మంది మన పిల్లలు ఈ దరఖాస్తు ఎందుకు పెట్టరో ఆలోచించాలి. అధికారి పరీక్షలకు వయసు ముందే దాటిపోతుంది కనుక వాటిని మొదట ప్రయత్నించి, అగ్నివీర్‌ను తర్వాతి మెట్టుగా ఉంచుకోవడం మేలు.

ప్రాణభయం గురించి ఇంట్లో మాట్లాడకుండా ఈ నిర్ణయం తీసుకోకూడదు. కోరుకొండ సైనిక్ స్కూల్‌లో చదివి ఎన్‌డీఏ ద్వారా అధికారి అయిన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు 2020 జూన్‌లో లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో అమరుడయ్యారు. శ్రీ సత్యసాయి జిల్లాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మేలో సరిహద్దులో ప్రాణాలర్పించారు. అగ్నివీరులకు 48 లక్షల రూపాయల బీమా ఉంటుంది, విధి నిర్వహణ కారణంగా మరణిస్తే మరో 44 లక్షల పరిహారం చెల్లిస్తారు. కానీ రెగ్యులర్ సైనికుడి కుటుంబానికి అందే కుటుంబ పింఛను ఉండదు. ఈ మాట తల్లిదండ్రులకు ముందే తెలియాలి.

చివరగా శరీరం సంగతి. అగ్నివీర్ నియామక ర్యాలీలో 1.6 కిలోమీటర్లను ఐదు నిమిషాల ముప్పై సెకన్లలో పరుగెత్తితే 60 మార్కులు, పది పుల్‌అప్స్‌కు 40 మార్కులు. 400 మీటర్ల ట్రాక్ ఉన్న మైదానానికి తెల్లవారుజామున వెళ్లి, నాలుగు రౌండ్లకు ఎంత సమయం పట్టిందో మూడు వారాల పాటు రోజూ నోట్‌బుక్‌లో రాసుకోండి. చదును పాదాలు, మోకాళ్లు ఒకదానికొకటి తగలడం, రంగులు గుర్తించలేకపోవడం వంటి లోపాలుంటే వైద్య పరీక్షలో తిప్పి పంపుతారు కనుక, కోచింగ్‌కు ఫీజు కట్టే ముందే ఒక డాక్టరుకు చూపించుకోండి. ఎంపిక చేయిస్తామంటూ డబ్బు అడిగే దళారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.