స్విస్ కొండల్లో కుటుంబంతో రైలు యాత్ర: ప్లాన్ ఎక్కడ బెడిసికొడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

మన దగ్గర దూరప్రయాణం అంటే అరవై రోజుల ముందు రిజర్వేషన్ తెరుచుకోగానే బెర్తు పట్టేయాలి. ఆ అలవాటుతోనే చాలామంది స్విట్జర్లాండ్ యాత్రనూ కూరుస్తారు. ఏ తేదీన ఏ కొండ, ఎన్నింటి రైలు అని రెండు నెలల ముందే రాసిపెట్టుకుంటారు. అక్కడ ఎదురయ్యే ఇబ్బందుల్లో సగానికి పైగా ఇక్కడే పుడతాయి. స్విస్ మామూలు రైళ్లకు రిజర్వేషన్ అక్కర్లేదు. 1982 నుంచి దేశమంతా ఒకే పద్ధతి: గంటకో అరగంటకో రైలు, ప్రతి గంటా అదే నిమిషానికి. సీటు ఎలాగూ దొరుకుతుంది, తేటగా ఉన్న ఆకాశమే దొరకదు. అందుకని ముందుగా బుక్ చేసేవి కొన్నే ఉంచుకుని, మిగతాది ఆ పూట ఆకాశాన్ని చూసి తేల్చుకునేలా వదిలేయాలి.

సమస్య: బోలెడు డబ్బు పోసి పైకి వెళ్తే తెల్లటి మబ్బు తప్ప ఏమీ కనిపించలేదు

కారణం: తేదీ ముందే ఖాయం చేసి టికెట్ కొనేయడం. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున, గోర్నర్‌గ్రాట్ 3,089 మీటర్ల ఎత్తున ఉన్నాయి. కింద లోయలో ఎండ ఉన్నంత మాత్రాన పైన ఉన్నట్టు కాదు. శరదృతువులో దీనికి తలకిందులుగా, లోయంతా పొగమంచు కమ్మి ఉంటే శిఖరం మీద ఎండ కాస్తూ ఉంటుంది. వేసవిలో పొద్దున తేటగా ఉండి, మధ్యాహ్నానికి మేఘాలు పట్టి ఉరుములతో వాన పడటం మామూలే.

పరిష్కారం: ఒక్కో ఊళ్లో కనీసం మూడు రాత్రులు ఉండండి. పెద్ద కొండకు ఒక రోజు అని కాకుండా రెండు రోజులు అందుబాటులో ఉంచుకోండి. ముందురోజు సాయంత్రం స్విస్ వాతావరణ శాఖ మెటియోస్విస్ యాప్ చూడండి. పొద్దున లేవగానే ఆ కొండ వెబ్‌క్యామ్ తెరవండి. దాదాపు ప్రతి శిఖరానికీ ఒకటి ఉంటుంది. తేటగా కనిపిస్తే అప్పుడే టికెట్ కొని వీలైనంత తొలి రైలు ఎక్కండి. రద్దీ రోజుల్లో యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ రైలుకు సీటు రిజర్వ్ చేసుకోవడం మంచిదే, కానీ అదీ ముందురోజు సూచన చూశాకే.

వాన రోజుకు పని వేరే ఉంది. లౌటర్‌బ్రున్నెన్ లోయలో ట్రుమ్మెల్‌బాఖ్ జలపాతాలు కొండ లోపలి నుంచే దూకుతాయి, వానకు ఇంకా ఉద్ధృతంగా ఉంటాయి. నాలుగేళ్ల లోపు పిల్లలను మాత్రం లోపలికి రానివ్వరు. లూసెర్న్‌లోని రవాణా మ్యూజియంలో పిల్లలకు ఒక పూటంతా గడిచిపోతుంది.

సమస్య: స్విస్ ట్రావెల్ పాస్ చేతిలో ఉన్నా కొండ మీదికి మళ్లీ డబ్బు అడిగారు

కారణం: ఇన్ని రోజులకని ఒకేసారి కొనే ఈ ప్రయాణ పాస్‌లో అన్నీ వస్తాయన్న నమ్మకం. రైళ్లు, బస్సులు, సరస్సుల్లో పడవలు, ఊళ్లలో ట్రాములు పూర్తిగా వస్తాయి. కొండలెక్కే రైళ్లు, రోప్‌వేలలో చాలావాటికి సగం రాయితీ మాత్రమే. యుంగ్‌ఫ్రావ్‌యోఖ్ విషయంలో పాస్ గ్రిండెల్‌వాల్డ్ లేదా వెంగెన్ వరకే పనిచేస్తుంది. అక్కడి నుంచి పైకి 25 శాతమే తగ్గిస్తారు. రిగి, స్టాన్సర్‌హార్న్, స్టోస్ కొండలు మాత్రం పాస్‌లోనే పూర్తిగా వస్తాయి. మ్యూరెన్ ఊరి వరకు కూడా వస్తుంది, ఆపైన షిల్ట్‌హార్న్‌కు సగం కట్టాలి.

పరిష్కారం: కొనేముందు కాగితం మీద లెక్క వేయండి. మీరు తిరిగే దూరప్రయాణాలన్నీ ఒకవైపు, కొండ టికెట్లు ఒకవైపు రాయండి. ప్రతి రెండు మూడు రోజులకూ ఊరు మారుతూ, పడవలూ బస్సులూ ఎక్కేవాళ్లకు పాస్ లాభం. ఒకే చోట దిగి రెండు మూడు ఖరీదైన శిఖరాలు చూసేవాళ్లకు టికెట్లను సగం ధరకు ఇప్పించే స్విస్ హాఫ్ ఫేర్ కార్డ్ కలిసొస్తుంది. అది నెల రోజులు చెల్లుతుంది, యుంగ్‌ఫ్రావ్‌యోఖ్‌కు కూడా సగం తగ్గుతుంది. ఈ ఒక్క తేడా తెలియక నష్టపోయే కుటుంబాలు చాలా ఉంటాయి కనుక పది నిమిషాలు కూర్చుని లెక్క కట్టడం వృథా కాదు.

పాస్ 3, 4, 6, 8, 15 రోజులకు దొరుకుతుంది. మామూలుది వరుస రోజులకే. ఫ్లెక్స్ పాస్ అయితే నెలలో మీకు నచ్చిన రోజుల్లో వాడుకోవచ్చు, కానీ ఆ రోజును రైలెక్కకముందే ఆన్‌లైన్‌లో యాక్టివేట్ చేయాలి. చేయకుండా ఎక్కితే టికెట్ లేనట్టే లెక్క, జరిమానా తప్పదు.

సమస్య: పిల్లలకు ఉచితం అన్నారు, తీరా రైల్లో టికెట్ అడిగారు

ఆరేళ్ల లోపు పిల్లలకు పెద్దలతో వెళ్తే టికెట్ అక్కర్లేదు. ఆరు నుంచి పదహారు నిండే వరకు ఉచితం కావాలంటే స్విస్ ఫ్యామిలీ కార్డ్ ఉండాలి. దానికి రుసుము లేదు, కానీ దానంతటది రాదు. పాస్ లేదా హాఫ్ ఫేర్ కార్డ్ కొనేటప్పుడే అడిగి తీసుకోవాలి. పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఇవ్వండి.

అసలు చిక్కు ఇంకొకటి. ఆ కార్డు పనిచేసేది తల్లి గానీ తండ్రి గానీ పక్కన ఉంటేనే. హైదరాబాద్ నుంచి అమ్మమ్మ తాతయ్యలు, డల్లాస్ నుంచి కూతురు అల్లుడు వచ్చి జ్యూరిచ్‌లో కలుసుకునే కుటుంబాల్లో ఇది తరచూ దెబ్బ కొడుతుంది. అమ్మానాన్నలు విశ్రాంతి తీసుకుంటుంటే పిల్లలను తాతగారు కొండకు తీసుకెళ్తే, ఆ పూట పిల్లలకు టికెట్ కొనాలి. పదహారు నిండిన పిల్లలకు యూత్ పాస్ తీసుకోండి, పెద్దల పాస్ కంటే 30 శాతం తక్కువ.

సమస్య: గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్‌లో సీట్లు లేవు, లేదా దొరికినా మధ్యలోనే పిల్లలు విసిగిపోయారు

ఇది మాత్రం ముందే బుక్ చేయాల్సిన రైలు. పాస్ ఉన్నా సీటు రిజర్వేషన్ తప్పనిసరి, దానికి డబ్బు విడిగా కట్టాలి. సుమారు మూడు నెలల ముందు బుకింగ్ తెరుస్తారు. జెర్మాట్ నుంచి సెయింట్ మోరిట్స్ వరకు 291 వంతెనలు, 91 సొరంగాలు, దాదాపు ఎనిమిది గంటలు. పెద్దలకు అది పండగే. ఆరేడేళ్ల పిల్లవాడికి మూడో గంట దాటాక అద్దాల బయట ఎంత అందం ఉన్నా ఒకటే.

అందుకని సగం దూరం ఎక్కండి. ఖూర్ నుంచి ఆండర్‌మాట్ వరకు రెండున్నర గంటల ప్రయాణంలోనే రైన్ నది చీల్చిన లోయ, 2,033 మీటర్ల ఓబెరాల్ప్ కనుమ రెండూ వచ్చేస్తాయి. అసలు సీటే దొరకకపోతే నిరాశపడక్కర్లేదు. అదే పట్టాల మీద మామూలు ప్రాంతీయ రైళ్లు రోజంతా నడుస్తాయి. డిసెంటిస్, ఆండర్‌మాట్ లాంటి చోట్ల మారుతూ వెళ్లాలి, పాస్ చాలు, రిజర్వేషన్ లేదు.

బెర్నినా ఎక్స్‌ప్రెస్‌కూ ఇదే మాట. నిజానికి పిల్లలున్న కుటుంబానికి అదే పట్టాల మీద సెయింట్ మోరిట్స్ నుంచి తిరానో వెళ్లే ప్రాంతీయ రైలే నయం. ఒస్పీత్సియో బెర్నినా దగ్గర 2,253 మీటర్లు ఎక్కి, ఇటలీలోని తిరానోలో 429 మీటర్లకు దిగుతుంది, అదీ పళ్లచక్రం సాయం లేకుండా. కొన్ని బోగీల్లో కిటికీ దించుకోవచ్చు కాబట్టి ఫొటోల్లో అద్దం మెరుపు పడదు. నచ్చిన చోట దిగి తర్వాతి రైలు ఎక్కవచ్చు. ఆల్ప్ గ్రుమ్‌లో ఒక గంట ఆగడం మేలు. సరిహద్దు దాటతారు కనుక పాస్‌పోర్టులు దగ్గర ఉంచుకోండి. ఇటలీ కూడా ఒకే వీసాతో తిరగగల షెంగెన్ దేశాల్లోదే, వేరే వీసా అక్కర్లేదు.

సమస్య: సరైన రైలే ఎక్కాం, వేరే ఊళ్లో తేలాం

ఇంటర్లాకెన్‌లో రెండు స్టేషన్లున్నాయి, వెస్ట్, ఓస్ట్. కొండల వైపు రైళ్లు బయలుదేరేది ఓస్ట్ నుంచి. అక్కడ ఒకే రైలుగా బయలుదేరిన పెట్టెలు త్స్వైల్యూచినెన్ దగ్గర రెండుగా విడిపోయి, ఒక భాగం లౌటర్‌బ్రున్నెన్‌కు, ఇంకోటి గ్రిండెల్‌వాల్డ్‌కు వెళ్తాయి. హడావుడిలో నాన్న ఒక పెట్టెలో, అమ్మ ఇంకో పెట్టెలో ఎక్కితే ఇద్దరూ రెండు లోయల్లో దిగుతారు. ప్లాట్‌ఫాం బోర్డు మీద ఏ ఊరి పెట్టెలు ఏ సెక్టార్‌లో ఆగుతాయో రాసి ఉంటుంది. ఎక్కేటప్పుడు పెట్టె మీద ఊరి పేరు చదివి, అందరూ ఒకే తలుపులోంచి ఎక్కండి.

చిన్న కొండ స్టేషన్లలో ఇంకో తిరకాసు. కొన్ని చోట్ల అడిగితేనే రైలు ఆపుతారు. దిగేవాళ్లు పెట్టెలో బటన్ నొక్కాలి, ఎక్కేవాళ్లు ప్లాట్‌ఫాం మీది బటన్ నొక్కాలి. ‘హాల్ట్ ఆఫ్ ఫెర్లాంగెన్’ అన్న ప్రకటనకు అర్థం ఇదే.

జ్యూరిచ్ ప్రధాన స్టేషన్‌లో 31–34, 41–44 ప్లాట్‌ఫాంలు భూగర్భంలో ఉంటాయి. పిల్లలు, సామానుతో అక్కడ మారడానికి పది నిమిషాలైనా ఉండేలా చూడండి. స్విస్ రైల్వే వారి ఎస్‌బీబీ యాప్‌లో మారే సమయం పెంచుకునే వీలుంది.

సమస్య: మేలో వెళ్తే సగం రోప్‌వేలు మూసి ఉన్నాయి

మన బడులకు వేసవి సెలవులు ఏప్రిల్ చివర నుంచి జూన్ రెండో వారం వరకు. అక్కడ ఆ కాలం మంచు ఆటలకూ వేసవి నడకలకూ మధ్య సందు, చాలా రోప్‌వేలను మరమ్మతులకు ఆపేస్తారు. షినీగ్ ప్లాట్టె, బ్రియెంజ్ రోట్‌హార్న్ కొండరైళ్లు జూన్‌లో గానీ మొదలుకావు. తేదీలు మార్చుకోగలిగితే యాత్రను జూన్ మొదటి వారంలోకి జరపండి. మేలోనే వెళ్లాల్సి వస్తే ఏడాది పొడవునా నడిచే యుంగ్‌ఫ్రావ్‌యోఖ్, గోర్నర్‌గ్రాట్, రిగి కొండరైళ్లను నమ్ముకోండి. హోటల్ బుక్ చేసేముందు ప్రతి కొండ వెబ్‌సైట్‌లోనూ ‘రివిజన్’ (మరమ్మతులకు మూసే) తేదీలు వెతకండి. దసరా సెలవులు ఇంతకంటే అనువైనవి, కానీ గ్లేసియర్ ఎక్స్‌ప్రెస్ అక్టోబర్ మధ్య నుంచి డిసెంబర్ మధ్య వరకు నడవదు.

సమస్య: పైకి వెళ్లగానే అమ్మకు తలనొప్పి, పిల్లకు వాంతులు

567 మీటర్ల ఇంటర్లాకెన్ నుంచి రెండు గంటల్లో 3,454 మీటర్లకు చేరితే ఒంటికి అలవాటు పడే వ్యవధి ఉండదు. గాలిలో ఆక్సిజన్ పలచబడటమే కారణం. పైన నెమ్మదిగా నడవండి, మెట్లకు బదులు లిఫ్టులు వాడండి, నీళ్లు తాగుతూ ఉండండి. తలనొప్పి, వికారం మొదలైతే మాత్రలతో సర్దుకుందామని చూడకుండా తర్వాతి రైలుకే దిగిపోండి. దిగితే తగ్గుతుంది. గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లు బయలుదేరకముందే డాక్టర్‌ను అడగాలి. పసిపిల్లలను అంత ఎత్తుకు తీసుకెళ్లకండి.

ఇలాంటివాళ్లు ఉన్న కుటుంబానికి రిగి చక్కని బదులు. ఎత్తు సుమారు 1,800 మీటర్లే. లూసెర్న్ నుంచి ఫిట్స్‌నౌకు పడవ, అక్కడి నుంచి 1871లో మొదలైన, ఐరోపాలో తొలి పళ్లచక్రాల కొండరైలు. రెండూ పాస్‌లోనే వస్తాయి.

సమస్య: సామాను మోయలేక యాత్రే భారమైంది

కూలీలు ఉండరు, మారే సమయం ఐదారు నిమిషాలే. మనిషికో మధ్యరకం పెట్టె మించకూడదు. పెద్ద పెట్టెలను ఒక స్టేషన్‌లో ఇచ్చి రెండు రోజుల తర్వాత ఇంకో స్టేషన్‌లో తీసుకునే సేవ రైల్వేలోనే ఉంది. ఆ రెండు రాత్రుల బట్టలు చేతిసంచిలో పెట్టుకోండి. ఒక్క పూటకైతే స్టేషన్ లాకర్లు చాలు.

సమస్య: వండుకుందామని తీసుకెళ్లినవి విమానాశ్రయంలో తీసేసుకున్నారు

భారత్ నుంచి మాంసం, పాలతో చేసినవి, గుడ్లు స్విట్జర్లాండ్‌లోకి తీసుకెళ్లకూడదు. అంటే నెయ్యి, కోవా, పూతరేకులు కూడా. పచ్చి కూరలు, పళ్లు, పచ్చి కరివేపాకు కూడా మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం లేకుండా కుదరవు. పప్పులు, బియ్యం, కారప్పొడులు, నూనెతో పెట్టిన ఆవకాయ, ఎండబెట్టిన కరివేపాకు ఇబ్బంది లేదు.

కరెంటు మనలాగే 230 వోల్టులు, ట్రాన్స్‌ఫార్మర్ అక్కర్లేదు. కానీ మన మూడు గుండ్రటి పిన్నుల ప్లగ్ ఆ సాకెట్లో పట్టదు, స్విస్ అడాప్టర్ కావాలి. సన్నటి రెండు పిన్నుల ఫోన్ చార్జర్లు నేరుగా పడతాయి. ఇండక్షన్ పొయ్యి ఉంటే అల్యూమినియం కుక్కర్ వేడెక్కదు, అడుగు ఇండక్షన్‌కు పనికొచ్చేదే తీసుకెళ్లండి. ఆదివారం చాలాచోట్ల కొట్లు మూసేస్తారు; పెద్ద స్టేషన్లలోని కోప్, మిగ్రోస్ మాత్రం తెరిచి ఉంటాయి. శాకాహారులు మెనూలో ‘స్పెక్’, ‘షింకెన్’ అన్న మాటలు చూడాలి, రెండూ పంది మాంసమే.

సమస్య: వీసా ఆలస్యమై కట్టిన డబ్బంతా పోయింది

ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. ప్రయాణ బీమా 30,000 యూరోలకు తగ్గకూడదు. రెండు మూడు దేశాలు తిరిగేవాళ్లు ఎక్కువ రాత్రులు గడిపే దేశానికి దరఖాస్తు చేయాలి. వీసా చేతికొచ్చే వరకు రద్దు చేసుకోగల హోటళ్లే బుక్ చేయండి, పాస్ కొనకండి. అమెరికాలో ఉంటున్నా భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంగెన్ వీసా కావాల్సిందే.

సమస్య: రైలు తప్పిపోయింది

బయలుదేరడానికి కొన్ని క్షణాల ముందే తలుపులు మూసుకుంటాయి, పరుగెత్తినా తెరుచుకోవు. పాస్ లేదా మామూలు టికెట్ ఉంటే తర్వాతి రైలు ఎక్కండి, అదనంగా కట్టేదేమీ లేదు. చౌకగా దొరికే సూపర్‌సేవర్ టికెట్ మాత్రం రాసి ఉన్న ఆ రైలుకే చెల్లుతుంది. అందుకే పిల్లలతో వెళ్లేవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

కొండ మీద సంగతి వేరు. చాలా కొండరైళ్లు, రోప్‌వేలు సాయంత్రానికే ఆగిపోతాయి. పైకి చేరగానే స్టేషన్ బోర్డు మీద ఉన్న ఆఖరి దిగుడు సమయాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకుని, దానికంటే ఒక రైలు ముందే దిగేలా అలారం పెట్టుకోండి.