గోస్తని లోయలో సైకిల్ తొక్కే ముందు

అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్ని తాకి, తాటిపూడి దాటి భీమిలిలో సముద్రాన్ని చేరుతుంది గోస్తని. దాని చుట్టుపక్కల కార్లు పెద్దగా తిరగని ఊరి బాటల్ని వెతుక్కునేవాళ్ల కోసం ఈ జాగ్రత్తలు.

• అన్నిటికన్నా ముందు బ్రేకులు. రిమ్ము పట్టుకునే రబ్బరు ముక్కల మీద గాడులు అరిగిపోయాయంటే వెంటనే మార్పించండి. ఘాట్ దిగేటప్పుడు బ్రేకు నొక్కిపట్టే ఉంచితే రిమ్ము వేడెక్కి ట్యూబ్ పేలే ప్రమాదం ఉంది. పట్టి, వదిలి, మళ్లీ పట్టాలి. ఇది చేతికి అలవాటు కాకుండా కొండ ఎక్కొద్దు, దయచేసి.

• విశాఖలోని ఆర్కే బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు. సామాను కట్టుకుని అక్కడ ఒకసారి తొక్కి చూడండి.

• వెంట ఉండాల్సినవి: స్పేర్ ట్యూబ్, పంపు, ఓఆర్‌ఎస్, హెల్మెట్, లైట్లు.

• వానల్లో బాట మీదుగా వాగు పారుతుంటే మోకాలి లోతే కదా అని దిగొద్దు. వెనక్కి వచ్చేయండి.

• కోతల కాలంలో ఊరి రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు. గింజల మీద టైరు జారుతుంది, పైగా అది రైతు కష్టం. దిగి నడిపించుకుంటూ వెళ్లండి.

• కొండల్లో సిగ్నల్ పోతుంది. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి వస్తారో ఇంట్లో చెప్పి బయల్దేరండి.