తెలిసిన పనే, అయినా ఎందుకు ఆగిపోతోంది? లక్షణం నుంచి కారణానికి, కారణం నుంచి పరిష్కారానికి

చేయాల్సిన పని తెలుసు. చేయాలనీ ఉంది. అయినా సాయంత్రానికి అది అలాగే ఉంటుంది. ఇంట్లోవాళ్లు బద్ధకం అంటారు, నిర్లక్ష్యం అంటారు. కొన్నాళ్లకు ఆ మనిషి కూడా అదే నమ్మేస్తారు. అది చాలా అన్యాయమైన మాట. పని తలపెట్టడానికీ అది పూర్తి కావడానికీ మధ్య మెదడుకు చాలా చాకిరీ ఉంది: విషయాన్ని కాసేపు మనసులో పట్టి ఉంచాలి, అడ్డొచ్చినవాటిని పక్కకు నెట్టాలి, పరిస్థితి మారితే దారి మార్చుకోవాలి. ఈ మూడింటి మీద నిలబడిన నేర్పునే ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ అంటారు. నుదుటి వెనక ఉండే మెదడు భాగానికి ఇందులో పెద్ద పాత్ర. అది పూర్తిగా ఎదిగేసరికి పాతికేళ్లు దగ్గర పడతాయి.

పట్టుదల పెంచుకోమని చెప్పడం వల్ల పెద్దగా ఒరిగేది లేదు. గొలుసు ఎక్కడ తెగుతోందో చూసి, సరిగ్గా అక్కడ ఒక వస్తువో గుర్తో పెట్టాలి. కింది వాటిలో మీకు తగిన ఒక్కదాన్నే తీసుకుని రెండు వారాలు నడపండి. అన్నీ ఒకేసారి పట్టుకుంటే నాలుగో రోజుకి అన్నీ ఒకేసారి జారిపోతాయి.

"ఎంత ముందు లేచినా లేటే"

ఇక్కడ తప్పు లేవడంలో లేదు, లెక్కలో ఉంది. పనికి పట్టే సమయాన్ని మనిషి తక్కువగా ఊహిస్తాడు. ఇంతకుముందు ఎన్నిసార్లు ఆలస్యమైనా సరే, ఈసారి అన్నీ సాఫీగా జరుగుతాయనే లెక్క వేస్తాడు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే ఈ పొరపాటుకు 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. 1994లో వెలువడిన ఒక అధ్యయనంలో విద్యార్థులు తమ థీసిస్ సగటున 34 రోజుల్లో అయిపోతుందన్నారు. పట్టినవి 55 రోజులు.

ఊహ మానేసి కొలవండి. మూడు ఉదయాలు, ఒక కాగితం, గోడ గడియారం చాలు. స్కూల్ ఆటో 8 గంటలకు వస్తుందనుకోండి. కొలిస్తే సాధారణంగా ఇలాంటి లెక్క తేలుతుంది: స్నానం 12 నిమిషాలు, డ్రెస్సు, జడ 10, టిఫిన్ తినడం 18, బాక్సులూ నీళ్ల బాటిలూ సర్దడం 7, బూట్లు వేసుకుని తాళం వేసి కిందికి దిగడం 6. మొత్తం 53. అదే ఇంట్లో అడిగితే "అరగంట చాలు" అంటారు. ఎందుకంటే స్నానం, టిఫిన్ మాత్రమే పనుల్లా కనిపిస్తాయి. సాక్స్ వెతకడం, లిఫ్ట్ కోసం నిలబడటం ఎవరి లెక్కలోకీ రావు. రోజూ తెగేది ఈ చివరి ఆరు నిమిషాల దగ్గరే.

53కి పావు వంతు కలపండి, దాదాపు 66 అవుతుంది. అంటే 6:54కి పిల్ల బాత్రూంలో ఉండాలి. ఇక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టి రెండే గుర్తులు పెట్టుకోండి: 7:20కి టిఫిన్ ప్లేటు ముందు కూర్చోవాలి, 7:50కి బూట్లు కాళ్లకు ఉండాలి. గడియారం తింటున్న చోటి నుంచి కనబడాలి. టైమ్ కోసం ఫోన్ తీస్తే వాట్సాప్ తెరుచుకుంటుంది, అయిదు నిమిషాలు అక్కడే పోతాయి. బాక్సులు తప్ప మిగతా సంచి అంతా ముందు రోజు రాత్రి 9 గంటలకే తలుపు దగ్గరికి చేరాలి. పొద్దున్న చేసే ప్రతి చిన్న నిర్ణయమూ సమయం తింటుంది. "ఏ పుస్తకాలు?" అన్న ప్రశ్న రాత్రి వేసుకుంటే రెండు నిమిషాల పని, పొద్దున్న 7:40కి వేసుకుంటే గొడవ.

"తాళాలు ఎక్కడ పెట్టానో!"

వస్తువు పెట్టేటప్పుడు మన దృష్టి అక్కడ లేదు. నమోదే కాని దాన్ని తర్వాత గుర్తు చేసుకోవడం సాధ్యం కాదు. కాబట్టి జ్ఞాపకశక్తికి మందులు వెతకనక్కర్లేదు. తలుపు పక్కన, గుమ్మం దాటి లోపలికి అడుగు పెట్టగానే చేయి అందే ఎత్తులో, ఒక మేకు కొట్టండి. షూ ర్యాక్ మీద ఒక స్టీలు ప్లేటు పెట్టండి. తాళాలు మేకుకు, పర్సు ప్లేటులోకి. బెడ్‌రూంలో అందమైన హోల్డర్ కొంటే పనికిరాదు. అక్కడిదాకా వెళ్లేలోపే చేతిలోవి టీవీ మీదో ఫ్రిజ్ మీదో వాలిపోతాయి. బయటికి వెళ్లేటప్పుడు చూసుకోవడానికి తలుపు లోపలి వైపు పెద్ద అక్షరాలతో నాలుగే మాటలు: ఫోన్, పర్సు, తాళాలు, బాక్సు. మనసు ఒకేసారి పట్టి ఉంచగలిగే విషయాలు దాదాపు నాలుగేనని మనస్తత్వ శాస్త్రవేత్త నెల్సన్ కోవన్ 2001లో చూపించారు. ఎనిమిది రాస్తే ఎవరూ చదవరు.

"వంటింట్లోకి వచ్చాక, ఎందుకొచ్చానో మరిచిపోయా"

దీని బంధువులే పాలు పొంగిపోవడం, కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో తెలియకపోవడం, మాత్ర వేసుకున్నామో లేదో అనుమానం. కారణం ఒక్కటే: చేతిలో ఉన్న విషయాన్ని మరో ఆలోచన తోసేసింది. వయసు, అలసట, నిద్రలేమి, దిగులు ఆ తోపును సులువు చేస్తాయి.

లెక్కను తల బయట పెట్టాలి. కుక్కర్ పక్కన గట్టు మీద మూడు చెంచాలు వరసగా పెట్టి, విజిల్ వచ్చిన ప్రతిసారీ ఒకటి గిన్నెలోకి జార్చండి. మధ్యలో కాలింగ్ బెల్ మోగినా, ఫోన్ వచ్చినా, గట్టు మీద ఒక్క చెంచా మిగిలిందంటే ఇంకా ఒక్క విజిలే. పాలకు నియమం ఒకటే: గది దాటాలంటే ముందు స్టవ్ ఆపేయాలి. "ఒక్క నిమిషంలో వస్తా" అన్నది లెక్కలోకి రాదు. వేరే గదికి ఏదైనా తేవడానికి వెళ్తుంటే దాని పేరు పైకి అనుకుంటూ వెళ్లండి. చిన్నపిల్లల చేష్టలా అనిపించినా బాగా పనిచేస్తుంది.

మాత్రలకు వారం రోజుల గళ్లున్న డబ్బా కొనండి, ఆదివారం రాత్రి నింపండి. గడి ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. డబ్బా లేని రోజు అనుమానం వస్తే రెండోసారి వేసుకోవద్దు, డాక్టర్‌నో మందుల షాపులో ఫార్మసిస్ట్‌నో అడగండి. షుగర్, బీపీ, రక్తం పలచబడే మందుల విషయంలో ఇది చాలా ముఖ్యం.

"అలారం పెట్టుకున్నా పని కాలేదు"

అలారం మోగింది. కానీ ఎక్కడ మోగింది? ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేయాలన్న రిమైండర్ సాయంత్రం 6కి, కిక్కిరిసిన బస్సులో మోగితే దాన్ని నొక్కేయడం తప్ప ఏం చేయగలరు? గుర్తు చేసేది పని జరిగే చోట, పని చేయగలిగే వేళ ఉండాలి. తిరిగి ఇవ్వాల్సిన టిఫిన్ క్యారియర్‌ను చెప్పుల పక్కన పెట్టండి. ఫోన్ కాల్స్ అన్నీ కలిపి మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక పది నిమిషాలు కేటాయించి చేసేయండి.

"పని మొదలే పెట్టలేకపోతున్నా"

అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. జాబితాలో "ఇన్సూరెన్స్ క్లెయిమ్" అని మూడు వారాలుగా ఉంది. చూసినప్పుడల్లా గుండె బరువెక్కుతుంది, పేజీ తిప్పేస్తారు. నిజానికి అది ఒక పని కాదు, పనుల మూట. డిశ్చార్జ్ సమ్మరీ వెతకాలి, ఒరిజినల్ బిల్లులు వరస పెట్టాలి, ఫారం నింపాలి, క్యాన్సిల్ చేసిన చెక్కు జతచేయాలి, అన్నీ జిరాక్స్ తీయించాలి. ఎక్కడ చేయి పెట్టాలో తెలియనప్పుడు చేయి లేవదు.

జాబితాలో ఆ మాట కొట్టేసి, శరీరంతో చేసే మొదటి పని రాయండి: "బీరువాలోంచి హాస్పిటల్ కవరు తీసి డైనింగ్ టేబుల్ మీద పెట్టాలి." రెండు నిమిషాలు దాటకూడదు. దాన్ని రోజూ ఎలాగూ జరిగే ఏదో ఒకదానికి ముడివేయండి: "రాత్రి గిన్నెలు సింకులో వేయగానే కవరు తీస్తాను." ఫలానా జరగగానే ఫలానా చేస్తాను అన్న ఈ తీరు గురించి మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్‌విట్జర్ 1999లో వివరంగా రాశారు. "ఈ వారం చేస్తాను" కన్నా ఇది మేలు, ఎందుకంటే ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న నిర్ణయం ముందే అయిపోయింది. కవరు తీశాక ఆపేసినా ఫరవాలేదు, రేపటికి అది కళ్లెదుటే ఉంటుంది.

ఇంకా కదలకపోతే పక్కన ఒకరిని కూర్చోమనండి. వాళ్లు సాయం చేయనక్కర్లేదు, పేపర్ చదువుకుంటూ కూర్చుంటే చాలు. సలహాలు మాత్రం ఇవ్వొద్దని ముందే చెప్పాలి.

"సగంలో వదిలేసినవే అన్నీ"

మధ్యలో ఎవరో పిలిచారు, తిరిగొచ్చేసరికి ఎక్కడున్నామో తెలియదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి మనసొప్పదు. లేచే ముందు ఒక చీటీ మీద రెండే వాక్యాలు రాయండి: ఎక్కడ ఆగాను, తర్వాత ఏం చేయాలి. "మార్చి బిల్లు దాకా కలిపాను, ఏప్రిల్‌ది కలపాలి." పిలిచినవాళ్లు ఇరవై సెకన్లు ఆగగలరు. ఫోన్ వేరే గదిలో ఉంటే సగం పిలుపులు ఉండనే ఉండవు.

"అనుకున్నది మారితే రోజంతా పాడు"

పనిమనిషి రాలేదు, కరెంటు పోయింది, ఇక ఏదీ చేయలేరు. ఒకే దారి వేసుకున్న రోజుకు ఇది తప్పదు. ముందు రాత్రే అడగండి: రేపు ఏది తప్పే అవకాశం ఎక్కువ? దానికి ఒక్క బదులు చాలు. పనిమనిషి రాకపోతే గిన్నెలు మాత్రమే, ఇల్లు తుడవడం రేపు.

పిల్లల్లో ఇవే లక్షణాలు కనిపిస్తే

"ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నది పరిష్కారం కాదు. "వెళ్లి రెడీ అవ్వు" అన్న మాటలో ఆరు పనులున్నాయి, ఏడేళ్ల పిల్లవాడు రెండోదాని దగ్గరే తప్పిపోతాడు. మొదటి వారం పక్కనుండి కలిసి చేయండి. రెండో వారం బొమ్మల పట్టీ గోడకు అతికించి "తర్వాత ఏంటి?" అని మాత్రం అడగండి, జవాబు మీరు చెప్పకండి. మూడో వారం దూరం నుంచి చూడండి. మధ్యలో జారితే ఒక మెట్టు వెనక్కి వెళ్లాలి, తిట్టకూడదు.

ఏదీ పనిచేయకపోతే

రెండు నెలలు నిజాయితీగా నడిపినా మార్పు లేకపోతే డాక్టర్‌ను కలవండి. థైరాయిడ్, రక్తహీనత, బి12 లోపం, నిద్రలో గురక పెట్టి ఊపిరి ఆగడం, డిప్రెషన్, ఇవన్నీ పైకి మతిమరుపులా, బద్ధకంలా కనిపిస్తాయి. పన్నెండేళ్ల లోపు నుంచే ఈ ఇబ్బందులు ఇంట్లోనూ బడిలోనూ ఉంటే ఏడీహెచ్‌డీ (దృష్టి నిలవకపోవడం, నిలకడ లేకపోవడం ఉండే సమస్య) ఉందేమో సైకియాట్రిస్ట్ చూడాలి, పెద్దవాళ్లకు కూడా. పెద్దవయసులో కొత్తగా మొదలై పెరుగుతున్న మతిమరుపును ఆలస్యం చేయకుండా చూపించాలి. ఎవరిని కలవాలో తెలియకపోతే టెలి మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబర్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి: ఏ పనులు తప్పుతున్నాయి, ఎప్పటి నుంచి, రాత్రి ఎన్ని గంటల నిద్ర, ఏ మందులు వాడుతున్నారు.