ఫిట్స్ ఉన్నవారి నిద్రను ఇంట్లో ఎలా గమనించాలి?

మూర్ఛ ఉన్న మనిషి రాత్రంతా పడుకుని కూడా పొద్దున్నే మత్తుగా తూలుతుంటే ఇంట్లోవాళ్లు బద్ధకం అనేస్తారు. దయచేసి ఆ మాట అనకండి. తేలిక నిద్ర, గాఢ నిద్ర, కలల నిద్ర రాత్రంతా సుమారు 90 నిమిషాలకోసారి మళ్లీ మళ్లీ వస్తుంటాయి. నిద్రలో వచ్చే ఫిట్స్ చాలావరకు మొదటి రెండింటిలోనే వస్తాయి, కలల నిద్రలో అరుదు. ఫిట్ వచ్చిన రాత్రి ఆ కలల నిద్రే తగ్గిపోతుంది, మెలకువలు పెరుగుతాయి. నిద్ర చాలకపోతే మళ్లీ ఫిట్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఈ చక్రం ఎక్కడ తిరుగుతోందో డాక్టరుకు తెలియాలంటే మీరు రాసి చూపించాలి.

1. ఒక నోటుబుక్కు పెట్టండి. పడుకున్న టైము, లేచిన టైము, మాత్ర వేసుకున్న టైము, పగటి కునుకు రాస్తే చాలు.

2. పొద్దున్నే గుర్తులు చూడండి. నిద్రలో ఫిట్ వచ్చిన సంగతి చాలామందికి గుర్తుండదు. నాలుక కొరుక్కున్న గాయం, తడిసిన పక్క, కారణం తెలియని ఒళ్లు నొప్పులు దాని జాడలు కావచ్చు. టీనేజీ పిల్లలైతే ఇంకోటి అడగండి: లేచిన కాసేపటికి చేతులు ఉలిక్కిపడినట్టు అదిరి బ్రష్షో గ్లాసో జారిపోతోందా? పరాకు అని తిట్టేస్తాం గానీ అది కూడా ఒక రకం మూర్ఛ కావచ్చు.

3. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తే రాయండి. దానికి వైద్యం చేస్తే కొందరిలో ఫిట్స్ కూడా తగ్గుతాయి.

4. కొన్ని మాత్రలు మత్తునిస్తాయి, కొన్ని నిద్ర పట్టనివ్వవు. సొంతంగా మానకండి, డోసు మార్చకండి. హఠాత్తుగా ఆపడం చాలా ప్రమాదం.

5. శివరాత్రి జాగారం, అర్ధరాత్రి ముహూర్తం, రాత్రి బస్సు ప్రయాణం ఉంటే ముందే ఆలోచించుకోండి. జాగారం మానినంత మాత్రాన భక్తి తగ్గదు, పెద్దవాళ్లకు ఆ సంగతి మీరే చెప్పండి.

6. రాత్రి ఫిట్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, గడియారం చూడండి. నోట్లో ఏమీ పెట్టకండి. చేతిలో తాళాలు పెడితే ఆగదు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకముందే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చేయండి. ఇంకొకరు పక్కనుంటే ఫోన్‌లో వీడియో తీయమనండి. మర్నాడు డాక్టరు మొదట అడిగేది అదే కావచ్చు.